ఆర్విల్ చూపించిన పగడాలు

"అయ్యా, అమ్మా, పడవెక్కే ముందు ఒక్కమాట," అంది సెల్మా, గొంతు తగ్గించి. "ముందు కూర్చున్నాయన నా మొగుడు. చూపు లేదు. కింద ఫలానాది ఉందని ఆయన చెబితే ఉందనే అనండి. లేదని మాత్రం అనకండి."

బుక్కూ రేవులో టికెట్టు కొన్న ప్రతి గుంపుకీ ఈ మాట చెప్పాకే ఆమె చెయ్యందించి పడవలోకి ఎక్కిస్తుంది. అందరూ తలూపుతారు. షికారుకొచ్చినవాళ్లకి ఒక ముసలాయన ముచ్చట తీర్చడం కష్టమేమీ కాదు. రేవులో పడవలవాళ్లందరికీ కూడా ఈ అబద్ధంలో వాటా ఉంది.

"ఆర్విల్ అన్నా, నీ చిలకచేపలకి ఈ ఏడైనా పెళ్లిళ్లు చేస్తావా?" అని పక్క పడవలోంచి కేకేశాడు ఫిట్జ్‌రాయ్.

"నీకే ఎవరూ పిల్లనివ్వలేదు. ముందు నీ సంగతి చూసుకో," అన్నాడు ఆర్విల్. రేవంతా నవ్వింది.

ఆర్విల్ పొడుగాటి మనిషి. ఉప్పుగాలికి మెడ మీద చర్మం గరుకెక్కింది. కళ్ల మీద పాలపొర. చూపు పోయిన రోజున ఆయన ఏడవలేదు. "పోనీలే సెల్మా, నేను చూడకపోతేనేం, దిబ్బ అక్కడే ఉంది కదా," అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే సముద్రం వేడెక్కి, పగడపు దిబ్బ సున్నం కొట్టినట్టు తెల్లబడి చచ్చిపోయింది. ఆ కబురు చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. చెబితే మనిషి దక్కడని భయం. ఆ భయంతోనే ఇన్నేళ్లూ పడవ నడుపుతోంది.

దిబ్బ మీదికి రాగానే ఆమె ఇంజను వేగం తగ్గించింది. అందరూ పడవ అడుగున బిగించిన అద్దం మీదికి వంగారు. కింద బూడిదరంగు రాళ్లు, వాటి నిండా నాచు.

"ఎడం పక్కన చూడండి," అన్నాడు ఆర్విల్. " దుప్పికొమ్ముల్లాంటి పగడం, పసుపుపచ్చది. మా నాన్న నాకు మొదట చూపించింది దాన్నే. దాని వెనకాల విసనకర్రలా ఊగేది ఊదారంగుది."

"అబ్బ, ఎంత బాగుందో," అంది ఒకావిడ, రాళ్లని చూస్తూ.

గుంపులో గడ్డమున్నాయన ఒకడు ఇంకాస్త ఉత్సాహపడి, "ఆ ఎర్రచేపల గుంపు చూశారా," అన్నాడు. సెల్మా మొహం పక్కకి తిప్పుకుంది.

సముద్రం మధ్యలోనే ఇసక మేటేసి లోతు తగ్గిన చోటొకటుంది, నైలాన్ కొలను అంటారు. అక్కడ జనమంతా కేరింతలు కొడుతూ నడుంలోతు నీళ్లలోకి దిగారు. దూరంగా ఎవరో నీళ్ల మీద పరిగెత్తే మోటారు బండెక్కి గిరగిరా తిరుగుతున్నారు. పడవలో మొగుడూ పెళ్లాం మిగిలారు. ఆర్విల్ సంచిలోంచి నారింజ తీసి, తొక్క తెగకుండా చాకుతో వొలవడం మొదలుపెట్టాడు. ఆమెకి రోజూ అలాగే వొలిచి ఇస్తాడు.

"ఎర్రచేపలంట," అన్నాడు చిన్నగా నవ్వి. "ఇవాళ నేను వాటి మాటే ఎత్తలేదు."

సెల్మా తువ్వాళ్లు మడతపెట్టడం ఆపింది. "ఆ గడ్డమాయనకి కనపడ్డాయేమో."

"చచ్చిన దిబ్బలో చేపలకేం పనే?"

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. దిబ్బ బతికున్నన్నాళ్లూ పడవ కింద చిటపటమనేది, నూనెలో ఉల్లిపాయలు వేసినట్టు. చిట్టిరొయ్యల చప్పుడు. ఇంజను పక్కన కూర్చునేదానివి, నీకు వినపడదు. ఒకనాడు ఆగిపోయింది. మళ్లీ రాలేదు."

"మరి నాతో ఎందుకనలేదు?"

"ఊరందరిచేతా అబద్ధమాడిస్తున్నావు నాకోసం. నాకు తెలిసిపోయిందంటే నువ్వేమైపోతావోనని."

ఆమెకి కోపమొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఒకే చావుకి, ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారన్నమాట.

"ముసలాడా, నన్నొక్కదాన్నే ఏడవనిచ్చావు కదా."

"ఇవాళ ఇంటికెళ్లి ఇద్దరం ఏడుద్దాంలే. పీతల కూర వండు," అన్నాడు ఆర్విల్.

కళ్లు తుడుచుకుని ఆమె పడవ వెనక్కి నడిచింది. నీళ్లోడుతున్న జనాన్ని ఒక్కొక్కరినే పైకి లాగింది. తువ్వాళ్లు అందించింది. తిరిగొచ్చేసరికి ఆయన తల భుజం మీదికి వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకుంది. చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

"పెద్దాయన నిద్రపోయాడా?" అన్నాడు గడ్డమాయన.

"ఆ," అంది సెల్మా. ఎవరినీ లేనిది ఉందనమని ఇక అడగక్కర్లేదు. ఆయన తలని తన భుజానికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయింది.

వాళ్ల కాళ్ల దగ్గర, అద్దం మీద, సగం వొలిచిన నారింజ అలకి అటూ ఇటూ దొర్లుతోంది, తొక్క ఇంకా తెగలేదు.