గింజలు ఆరేదాకా

రూతమ్మ ఇంట్లో గుమ్మడికాయ కోసిననాడు ఒక్క గింజ కూడా పెంటదిబ్బకు పోదు. పీచులోంచి గిల్లి, జిగురు వదిలేదాకా నాలుగు నీళ్లు మార్చి కడిగి, ఉప్పునీళ్లలో ముంచి తీసి, చాటలో పల్చగా పరిచి రెండు పూటలు ఆరబెడతారు. ఆ తరువాతే మట్టి మంగలంలో సన్నసెగ మీద వేపుతారు. పెద్దారవీడు దగ్గర ఆ పల్లెలో అందరూ వేపేదే. కాకుంటే ఈ ఇంటి గింజల వాసన ఎవరిని తలచుకుని వేపితే వాళ్ల ముక్కుకే పోతుంది, వాళ్లు ఎంత దూరాన ఉన్నా సరే. పక్కింటి కోటయ్యకు అదే కడుపుమంట.

"మీ గోడ పక్కనే కాపురముంటిని, ఒక్కనాడన్నా నాకు వాసన తగలనీయరు గదమ్మా!" అంటాడు.

జర్మనీ యుద్ధం మొదలైన రెండో ఏడు ఆ కోటయ్యే ఒక పొద్దున తల వంచుకుని వచ్చినాడు. నల్లమలలో వెదురు నరికే కూపుకు పోయిన కూలీలంతా తిరిగొచ్చినారు, రూతమ్మ మొగుడు జీవరత్నం తప్ప. నీళ్లకని వాగులోకి దిగినవాడు మళ్లీ కనపడలేదట.

"కేకలేసినాం, తప్పెట కొట్టినాం. మూడు దినాలు ఎతికినాం రూతమ్మా" అన్నాడు కోటయ్య.

రూతమ్మ ఇంకో మాట వినలేదు. గుమ్మడికాయను బండకేసి కొట్టింది. గింజలు కడిగీ కడగకనే మంగలం పొయ్యి మీదికెక్కించింది. అత్త మగ్దలీనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"తడివే అవి! దించు!"

"ఆరేదాకా ఆయన బతికుంటాడా అత్తా?"

"తడి గింజ పేలుతుంది. నా మొగం చూసి మాట్లాడు."

ఆ మొగంలో ఎడమకన్ను లేదు. ఇరవై ఏండ్ల కింద ఆమె మొగుడు, ఎడమకాలు ఈడ్చి నడిచే రాజరత్నం, ఆ అడవిలోనే దారి తప్పినాడు. ఆమె కూడా ఇట్లే ఉరుకులాడి, తడి గింజలను పెద్దమంట మీద పోసింది. ఒక గింజ ఎగిరి కంట్లో పడింది. ఆమె తేరుకునేలోపల మిగతావి బొగ్గయినాయి. రాజరత్నం రాలేదు. ఆమె మళ్లీ మంగలం ముట్టలేదు.

"కన్ను పోయినందుకు కాదే నా ఏడుపు. ఆ మనిషికి మాడు వాసన పంపితినే!"

రూతమ్మ మంగలం దించింది. దించిందిగానీ కాలు ఒకచోట నిలిస్తే కదా! చాటను ఎండకు జరిపేది, నీడకు జరిపేది, కోడిని అదిలించేది, గింజ కొరికి చూసేది. అది వంగేదే తప్ప విరిగేది కాదు.

"పొద్దు కదలదేందత్తా?"

"నువ్వు కదులుతున్నావు గదా, చాల్లే" అంది మగ్దలీనమ్మ. అంటూనే తానూ లేచి ఒక గింజ కొరికింది.

మర్నాడు మధ్యాన్నానికి గింజ టప్పున విరిగింది. రూతమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నిప్పులు మాత్రం ఉంచింది.

"మొగం దూరంగా పెట్టు. కలిపే చెయ్యి ఆపొద్దు. వాణ్ని తప్ప ఇంకేదీ తలచొద్దు" అంది అత్త వెనక నుంచి.

రూతమ్మ మొగుని గురక తలచుకుంది. ప్రార్థనలో రాగం తప్పి పాడే గొంతు తలచుకుంది. గింజలు ఉబ్బి ఎర్రబడంగానే చాటలోకి ఒంపింది, మంగలం వేడికి కూడా మాడతాయని. ఇంట్లో ఏ వాసనా లేదు. పోయిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

ఆ తరువాతి మధ్యాన్నం జీవరత్నం కాళ్లు పగిలి, చొక్కా చినిగి వాకిట్లోకి వచ్చినాడు. రూతమ్మ వాని రొమ్ము మీద నాలుగు గుద్దులు గుద్ది భోరుమని ఏడ్చింది. చెంబెడు నీళ్లు తాగినాక వాడు అమ్మ వైపు చూసినాడు.

"నేను దారి తప్పలేదు మా. గింజల వాసనొచ్చింది, మన ఇంటిదేనని దాని ఎంబడి పోయినా. మాడు వాసన. పోయేకొద్దీ లోపలికే తీసకపోయింది. నిన్న మధ్యాన్నం వీపు మీద కమ్మటి వాసన తగిలింది. వెనక్కి తిరిగినా."

మగ్దలీనమ్మ కొడుకు ముందుకొచ్చి కూర్చుంది.

"ఆ మాడు వాసన దారిలో ఎవరన్నా కనపడినారా నాయనా?"

"మనిషి కనపడలేదు. బురదలో ఆ వాసన పట్టుకున్న అడుగులు ఉండాయి, పచ్చివే. ఎడమకాలు ఈడ్చినట్టు."

మగ్దలీనమ్మ లేచి ఇంకో గుమ్మడికాయ తెచ్చి, కత్తిపీట ముందేసుకుని కూర్చుంది.

"నేను కడుగుతా అత్తా, తొందరగా అయితాది" అంది రూతమ్మ.

"వద్దు. ఇరవై ఏండ్లు ఆ మనిషిని తప్పుదారిలో నడిపించినా. రెండు పూటలు ఆగలేనా?"

నాలుగు నీళ్లు అయినాయి. మగ్దలీనమ్మ అయిదోసారి కూడా కడిగింది.