కూరచేపలు వద్దన్న రోజు

ఉప్పుగాలి. తడిసిన తాడు వాసన. కరుగుతున్న ఐసు మీద వణికే మధ్యాహ్నపు ఎండ.

గిలకలదిండి గట్టు మీద గాలి లేస్తుంది — వలలు తడుముతుంది, ఆరేసిన చీరలు ఊపుతుంది, తేజస్విని వాకిట్లో తలుపుకి అంటించిన తెల్లకాగితాన్ని పట్టుకుని లాగుతుంది.

కాగితం ఊడదు. నాలుగు మూలలా టేపు వేసింది. పైన ఇంకో పట్టీ అడ్డంగా వేసింది.

టారో కార్డులు చూడబడును. గంటకి ఐదు వందలు.

అంతే రాసింది.

దయచేసి అని రాయలేదు. మీకు తోచినంత అని రాయలేదు.

మూడేళ్లు తోచినంతే అంది. తోచినంత అంటే — కూరచేపలు.

బోటు ఒడ్డుకి వచ్చి, సరుకు వేలానికి వెళ్లాక, తాడు పట్టినవాడికీ, నీళ్లు మోసినవాడికీ, ఊరికే నిలబడి పళ్లికిలించినవాడికీ గుప్పెడు చేపలు పడేస్తారు. ఇంట్లో కూరకి. అది కూలి కాదు. దానమనీ ఎవరూ అనరు. వద్దనడానికి వీల్లేదు... ఇంకాస్త అనడానికీ వీల్లేదు.

మూడేళ్లు ఆమె కార్డులకి అవే వచ్చాయి. నల్ల క్యారీబ్యాగులో నాలుగు కానాగంతలు. ఒకసారి గుప్పెడు కవళ్లు. ఇంకోసారి ఒట్టి రొయ్య తలకాయలు — పులుసుకి బాగుంటాయిలే అంటూ.

బీకాం చదివిన పిల్ల. బందరులో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో బిల్లులు కొట్టిన పిల్ల. ఆఫీసు మూతపడ్డ ఏడాది చెవిదిద్దులు అమ్మి, ఫోనులో ఈ బొమ్మల కార్డుల జోస్యం నేర్చుకుంది. నేర్పినావిడ ఫీజు ముందే వేయించుకుంది. ఒక్క రూపాయి తగ్గించలేదు.

అసలు పాఠం అదేనని ఈమెకి ఆలస్యంగా ఎక్కింది.

డెబ్బై ఎనిమిది బొమ్మలు. ఎక్కడో చలిదేశం వాళ్లు గీసిన బొమ్మలు. అయినా చంద్రుడి బొమ్మలో ఆమెకి సముద్రపు పోటు వినిపించింది. పిడుగు పడి కూలుతున్న బురుజులో తుపాను కనిపించింది. ఎనిమిది కత్తుల మధ్య కళ్లగంతలతో నిలబడ్డ ఆడమనిషిని చూసి — ఈవిడ మా వీధిలోనే ఉంటుంది, అనుకుంది.

వీధి నవ్వింది.

"చిలకేదే తేజా? ఎగిరిపోయిందా, కూరొండేశావా?"

నవ్వనీ.

చేపలు ఏ దిక్కున పడతాయి అని అడిగారు. నాకు తెలియదు అంది. పోయిన ఉంగరం ఎక్కడుంది అని అడిగారు. మంచం కింద ఊడ్చి చూడండి అంది. దొరికింది. ఆ వారమంతా వీధిలో ఆమెది గొప్ప పేరు.

అది విద్య కాదని ఆమెకి తెలుసు.

మొదట్లో తియ్యగా చెప్పేది. అంతా మంచే జరుగుతుందనేది. అందరూ నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. మళ్లీ వస్తే ఇంకో తీపి ముక్క కోసమే వచ్చేవాళ్లు.

పోయిన నెల, ఐసు ఫ్యాక్టరీ వెనక ఉండే సునీత వచ్చింది. మా ఆయన తాగుడు మానతాడా అంది. తేజస్విని కార్డులు పరిచింది. చాలాసేపు చూసింది. తీపి నాలుక చివరి దాకా వచ్చింది... మింగేసింది.

"ఆయన సంగతి ఆయనే అడగాలి వదినా. నువ్వు నీ గురించి ఎప్పుడు అడుగుతావు?"

సునీత లేచి వెళ్లిపోయింది. గేటు కొట్టి మరీ.

ఎనిమిది రోజులు గాలి అటూ ఇటూ తిరిగింది. ఎనిమిది రోజులు తేజస్వినికి అన్నం సయించలేదు.

తొమ్మిదో రోజు సునీత మళ్లీ వచ్చి అదే చాప మీద కూర్చుంది. "ఇప్పుడు నా గురించి చూడు" అంది.

ఇది గుప్పెడు చేపల పని కాదు.

మర్నాడే కాగితం కొనుక్కొచ్చింది.

రాయడం తేలిక. నోటితో చెప్పడమే...

వాళ్లమ్మ పేరు తాతమ్మ. ఎండుచేపల గంపతో బస్సెక్కి గుడివాడ దిగి, పెదపారుపూడి చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది. పదేళ్ల తేజ వెంట నడిచేది. "ధర చెప్పు. చెప్పాక నోరు మూసుకో. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లే తగ్గాలి" అనేది తాతమ్మ. ఒకరోజు కూతురి చేత చెప్పించింది. పిల్ల యాభై అంది. అరుగు మీద కొనబోయే ఆవిడ ఇంకా ఊపిరైనా తీసుకోలేదు — పిల్లే నలభైకి ఇస్తాలెండి అనేసింది.

తిరుగు బస్సులో దారంతా తొడ గిల్లుతూనే ఉంది తాతమ్మ.

"ఆవిడ బేరమాడలేదు కదే! నీతో నువ్వే ఆడుకున్నావు కదే!"

ఈ మధ్యాహ్నం దుర్గాశ్రీనివాస్ వచ్చాడు.

రెండు బోట్ల ఓనరు. తేజస్విని మొగుడు అంజి వేటకెళ్లేది అతని పెద్ద బోటు మీదే. ఏడుసార్లు కార్డులు చూపించుకున్నాడు. ఏడుసార్లూ కూరచేపలే. తమ్ముడితో తగువు పడి బోట్లు పంచుకోబోతే, ముందు వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడండి అని చెప్పింది ఆమే. మాట్లాడాడు. బోట్లు నిలిచాయి. గట్టు మీద అందరికీ మోపిదేవి స్వామి దయ అని చెప్పుకున్నాడు.

ఈసారి చేతిలో పండుగొప్ప. మూడు కిలోలకి తక్కువుండదు. వేలానికి పెడితే రెండు వేలు పలికే చేప. దాని పొలుసుల మీద ఎండ పడి గోడంతా మెరిసింది.

"ఏం చెల్లెమ్మా, బోర్డు పెట్టావంట?"

"కూర్చోండన్నయ్యా."

"ఇది నీకే. కార్డులు తియ్యి. పెద్ద బోటు అమ్మేద్దామని మళ్లీ మొదలెట్టాడు మా తమ్ముడు."

పక్కన పంచలో అంజి వల అల్లుతున్నాడు. చేతిలో దారం కండె ఆగిపోయింది.

"ఐదు వందలండన్నయ్యా. ముందు."

అనేసింది.

గాలి ఆగిందా... ఆమెకే అలా అనిపించిందా.

దుర్గాశ్రీనివాస్ నవ్వాడు. "మనలో మనకి డబ్బులేంటమ్మా? ఈ చేప రెండు వేలు చేస్తది. బీకాం చదివావు, ఆ మాత్రం లెక్క రాదా?"

లెక్క వచ్చు. వచ్చు కాబట్టే చూస్తోంది.

రెండు వేల చేప పడేయగలడు. ఐదు వందలు మాత్రం చేతిలో పెట్టలేడు. చేప పై నుంచి కిందికి జారుతుంది. డబ్బు అలా కాదు — ఈ చాప మీది మనిషి నుంచి ఆ చాప మీది మనిషికి, నేరుగా, అడ్డంగా వస్తుంది. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి.

అదే అతనికి ఖరీదు.

"మొన్న మోపిదేవిలో పూజ చేయించారు కదన్నయ్యా."

"చేయించా. అయితే?"

"టిక్కెట్టు కొన్నారా, పండుగొప్ప ఇచ్చారా?"

పంచలో అంజికి పొలమారింది.

దుర్గాశ్రీనివాస్ మొహంలో నవ్వు మెల్లగా దిగింది, పాటు దిగినట్టు. కింద బురద బయటపడింది.

"ఏరా అంజీ, వింటున్నావా మీ ఆవిడ మాటలు?"

అంజి కండె వైపు చూశాడు. వల వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు.

"వింటన్నానండి."

అంతే. ఔననలేదు, కాదనలేదు. కండె మళ్లీ కదిలింది.

"సరే." ఓనరు లేచాడు. "సోమవారం బోటు వేటకెళ్తది. ఎవరెవరు ఎక్కాలో ఇంకా అనుకోలేదు."

ఆ మాట వాకిట్లో పడింది. లంగరు పడ్డట్టు పడింది.

ఆమె లోపల, నలభైకి ఇస్తానన్న ఆ పదేళ్ల పిల్ల లేచి నిలబడింది. పోనీ ఈసారికి... పోనీ మూడొందలు... పోనీ చేపే ఇవ్వండి...

తేజస్విని కొంగు చాటున తొడ మీద గట్టిగా గిల్లుకుంది.

నోరు మూసుకుంది.

అతను చూశాడు. ఆమె చూసింది. ఎక్కడో ఐసు పగలగొడుతున్న చప్పుడు. ఒకటి... రెండు... పది.

అతను గుమ్మం దిగాడు.

"అన్నయ్యా."

ఆశగా తిరిగాడు.

"చేప తీసుకెళ్లండి."

బండి స్టార్టయింది. పండుగొప్ప హ్యాండిలుకి వేలాడుతూ వెళ్లిపోయింది.

అంజి ఆ చేప వెళ్లిన వైపే చూశాడు.

"బెండకాయలు కూడా ఉన్నాయి ఇంట్లో," అన్నాడు. "పులుసు పెడితేనా..."

"సోమవారం పిలవకపోతే?"

"పిలవకపోతే వేరే బోటు. వేరే బోటు లేకపోతే పస్తు." కండె ఆపకుండానే అన్నాడు. భయం గొంతులో ఉంది. చేతుల్లో లేదు. "అయినా స్వామికి పండుగొప్పేంటే... పాపం తగులుద్ది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్లు మండాయి. కార్డులు కలపడం మొదలెట్టింది. ఒక కార్డు జారి చాప మీద పడింది. పడనీ. జారవిడిచే చేతులకీ అదే ధర.

అప్పుడు — వీధి చివర దుర్గాశ్రీనివాస్ బండి చప్పుడు ఆగింది.

తిరిగి వస్తున్న అడుగులు లేవు.

మళ్లీ స్టార్టయిన చప్పుడూ లేదు.

అంజి లేవబోయాడు. "నేనెళ్లి ఏదో ఒకటి చెప్పి..."

"కూర్చో."

కూర్చున్నాడు.

గాలి సముద్రం మీద నుంచి తిరిగింది. ఉప్పు. తడి తాడు. వెళ్లిపోయిన చేప వాసన ఇంకా గుమ్మంలోనే.

ఆమె గుమ్మం వైపు చూస్తోంది.

ముందుగా నోరు తెరిచి అతన్ని పిలవలేదు...