ఎవరి చేతిరాత

ఈ గోడకి పసుపు కాకుండా తెల్లరంగే వేయించి ఉండాల్సింది, కాగితాలన్నీ పచ్చకామెర్లొచ్చినట్టు కనిపిస్తున్నాయి, అనుకుంటూనే ఆమె ప్రచురణకర్తగారి వేలు వెంట చూపు నడిపింది, ఆయన పుస్తకం అట్ట నమూనాని తాకకుండా గాల్లోనే అక్షరాల చుట్టూ వేలు తిప్పుతున్నారు, ఎక్కడున్నా నీ చేతిరాత గుర్తుపడతానమ్మా, పదేళ్లయినా వాడి తగ్గలేదు, అంటున్నారు, ఆమెకి మొట్టమొదటి పని ఇచ్చింది ఆయనే, ఆమె నవ్వింది, నవ్వు దానంతటదే వచ్చేసింది, పోయిన ఏడాది ఆసుపత్రి బోర్డు చూసి ఎవరో మెచ్చుకున్నప్పుడూ ఇలాగే వచ్చింది, మౌనం అర్ధాంగీకారమైతే నవ్వు ముప్పాతిక అంగీకారం కాబోలు, ఎందుకంటే ఆ అక్షరాల్లో ఒక్కటీ ఆమె రాసింది కాదు, రాసినావిడ బల్ల చివర, ఒళ్లో సంచీ పెట్టుకుని, తనకేమీ సంబంధం లేనట్టు కిటికీ తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

టీచరుగారు, పుస్తకాల పేర్లూ బోర్డులూ రాసిచ్చే ఈ స్టూడియోలో అందరికీ ఆవిడ టీచరుగారే, ఆమెకన్నా పదిహేనేళ్లు పెద్ద, ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలచేత అక్షరాలు దిద్దించి, బడి మూతపడ్డాక రెండేళ్ల కిందట వచ్చి, నాకు వచ్చింది రాయడమొక్కటేనమ్మా అన్న మనిషి, వారం తిరక్కుండానే ఆమె రాతని అచ్చుగుద్దినట్టు పట్టేశారు, అప్పటికి ఉన్నది నలుగురే, ఇప్పుడు తొమ్మండుగురు, మొదట్లో అయితే ఆమె అన్నయ్య ఇంట్లో, వదిన కుట్టుమిషను గదిలో ఒక మూల, ఒక్కతే, మిషను అదురుకి గీత వంకరపోతే వదిన టక్కున ఆపేసి, ముందు నీ గీత కానియ్యవే, నా కుట్టు ఎక్కడికీ పారిపోదు, అనేది, ఒక్క అక్షరానికి పూటంతా పట్టినా అడిగేవాళ్లు లేరు, ఇప్పుడు పూటలన్నీ ఫోన్లకీ, సెలవు చీటీలకీ, ప్రింటరు బాగుచేసే మనిషికీ పోతున్నాయి, మొన్న ఒక పేరు తనే రాద్దామని కూర్చుంటే పాళీ మీద సిరా ఎండి పొలుసు కట్టి ఉంది, కడిగి రాస్తే చెయ్యి మొరాయించింది, పక్కనుంచి టీచరుగారు చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారు, ఆ మంచితనమే ఎక్కువ గుచ్చుకుంది.

పన్నెండు పుస్తకాలమ్మా, పిల్లల కథలు, అన్నిటికీ అట్ట మీద పేర్లు రాసే పని నీకే ఇస్తాను, కానీ ఒకటే మాట, నువ్వే రాయాలి, మీవాళ్లచేత రాయించకూడదు, అంటున్నారాయన, పన్నెండంటే ఏడాది పని, ఇంకో గది తీసుకోవచ్చు, ఇద్దర్ని చేర్చుకోవచ్చు, ఊ అంటే చాలు, టీచరుగారు నోరు విప్పరు, విప్పరని తెలుసు, అదే కష్టంగా ఉంది, విప్పే మనిషైతే ఆ భయానికైనా తనే నిజం చెప్పేసేది, సంచీ పట్టుకున్న ఆ వేళ్ల మీద నల్లసిరా మరకలు, తన వేళ్లు మాత్రం ఇప్పుడే సబ్బు పెట్టి కడిగినంత శుభ్రం, ఇది నేను రాసింది కాదండీ, అనేసింది, గొంతు మామూలుగానే ఉంది, ఈ టీచరుగారు రాశారు, రెండేళ్లుగా మా దగ్గర్నుంచి మీకొచ్చినవన్నీ ఆవిడ రాసినవే, నేను ముందే చెప్పాల్సింది.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, అట్టని దగ్గరికి లాక్కున్నారు, పక్కగదిలో ప్రింటరు రెండు కాగితాలు నమిలి ఊరుకుంది, ఇక ఈ పని పోయినట్టే అనుకుంది ఆమె, చిత్రంగా ఆకలేసింది, ఇంతలో ఆయన కుర్చీ బల్ల చివరి వైపు తిప్పుకుని, తలకట్లు అక్షరానికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టారేంటండీ, అని అడిగారు, టీచరుగారు సంచీ కింద పెట్టి, పిల్లలు తలకట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఒక్క క్షణం ఆగుతారండీ, సరిగ్గా పడుతుందో లేదోనని ఊపిరి కూడా బిగబట్టేస్తారు, ముప్పై ఏళ్లు అన్నీ దిద్దాను గానీ ఆ ఎడాన్ని మాత్రం దిద్దబుద్ధి కాలేదు, అన్నారు, ఆయన పెద్దగా నవ్వి, అయితే పన్నెండూ మీరే రాయండి, లోపల మీ పేరే వేస్తాను, అన్నారు, ఇద్దరూ కాగితం మీదికి వంగారు, ఆమె కూడా వంగి చూసింది, ఎడం ఉంది, ప్రతి అక్షరం మీదా ఉంది, ఇన్నాళ్లూ దాన్ని తన రాతని దించడంలో జరిగిన చిన్న పొరపాటనుకుని, పోనీలే అని దాటేసింది, రోజూ బాగుంది పంపించెయ్యండి అనడమే గానీ, ఇలా ఎందుకు రాశారని రెండేళ్లలో టీచరుగారిని తను ఒక్కసారైనా అడగలేదు.