పెట్టె తలుపు లోపలి పేరు

మటౌరా నది పొంగి గోర్ ఊరిని ఖాళీ చేయించిన ఏడాది అది. నీళ్లు తీసిన పదో రోజున, మేం వలస వచ్చిన ఈ దేశం దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో మా ఫ్యాక్టరీ చేసిన జూదం మెషిను ఒకటి ఓ పబ్బులో అంటుకుంది. ఆర్పబోయిన పబ్బు పనివాడి చేతులు కాలాయి.

మా కంపెనీ మొదట పిల్లల ఆట పెట్టెలు చేసేది. ఒక షెడ్డులో, కారు రేసు ఆటతో మొదలైంది. తర్వాత అదే పెట్టెలో, అవే బొత్తాలతో జూదం పెట్టారు. ఇక్కడ దాన్ని పోకీ అంటారు. ముందు పిల్లలు ఓడి నవ్వేవాళ్లు. ఇప్పుడు పెద్దలు ఓడి ఇళ్లకు పోరు.

నేను వడ్రంగిని. పెట్టెలు కోస్తాను. వైర్లు బిగించినవాళ్లు చివర్న తలుపు లోపల పెన్సిల్‌తో పేరు రాస్తారు. మొదటి పెట్టె మీద ఓనరు తండ్రి రాసుకున్నాడట. అప్పటినుంచీ అదే ఆనవాయితీ.

మేనేజరు కాలిన పెట్టెను తెప్పించి, ఎవరు చేశారని అడిగాడు. ఆ ఆనవాయితీ అంటే నాకు గొప్ప. తలుపు తెరిచి నేనే చూపించాను. మసి తుడిస్తే, వైర్లు బిగించే మా తెలుగమ్మాయి నిరుపమ పేరు బయటపడింది.

ఆమెను పిలిచి రేపటినుంచి రావద్దన్నాడు మేనేజరు. ఆ అమ్మాయి వీసా ఈ కంపెనీకే కట్టి ఉంది. ఉద్యోగం పోతే దేశం వదలాలి. ఇది చదివే మీలో అలాంటి వీసా ఉన్నవాళ్లకి దాని బరువు చెప్పనక్కర్లేదు. సన్న వైరు వాడమన్నది మీరేగా అని ఆమె అడిగింది. అతను వినలేదు.

నిరుపమ కోసం ఏం చెయ్యాలో తేల్చుకోడానికి మధ్యాహ్నం టీ గదిలో ఇరవై ముగ్గురం చేరాం. నిరుపమతోపాటే ఇక్కడ చదివి, ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే భార్గవ్ నా మీద విరుచుకుపడ్డాడు.

"మీకేం అంకుల్, కూతురి పుణ్యమా అని పీఆర్‌తో, ఇక్కడే ఉండిపోయే హక్కుతో వచ్చారు. మేం నోరెత్తితే ప్లేనెక్కిస్తాడు."

"మూసుకుంటే ఎక్కించడా?" అంది నిరుపమ. "రేపట్నుంచి తలుపు మీద రాసేది నీ పేరే."



ప్యాకింగులో చేసే, ఈ నేల మూలవాసులైన మావోరీల ఆవిడ మెరె, యూనియన్ మనిషి, ఆ పెట్టె ఎన్ని చేతులు మారిందని అడిగింది. అద్దం బిగించినవాడు చెప్పాడు. తాళం వేసినవాడు చెప్పాడు. నా వంతు వచ్చింది. నేను మీటింగుల్లో మాట్లాడే మనిషిని కాను.

"వేడి పోవడానికి వెనక పన్నెండు కంతలు పెట్టాలి. పని తొందరగా అవుతుంది, ఆరు చాలన్నాడు మేనేజరు. ఆరే పెట్టాను."

నిరుపమ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది.  మరి పేరు ఒక్కరిదే ఎందుకుంది అని మెరె అడిగింది.  రేపు ఏం చెయ్యాలో అప్పుడే తేలిపోయింది. అందరికన్నా ముందు చెయ్యెత్తింది భార్గవ్.

మర్నాడు పొద్దున ఏడింటికి నిరుపమను మధ్యలో పెట్టుకుని లోపలికి నడిచాం. పోలీసుల్ని పిలుస్తానన్నాడు మేనేజరు. పిలవమంది మెరె. ట్రక్కెక్కాల్సిన పెట్టెలు వరసగా ఉన్నాయి. పెన్సిల్ ముందు నాకే ఇచ్చారు. నాది మూడో తరగతి చదువు, పేరు రాయడం వచ్చు. మొదటి తలుపు తెరిచి, నిరుపమ పేరు కింద శేషయ్య అని తెలుగులో రాసి, పెన్సిల్ భార్గవ్‌కి ఇచ్చాను. తర్వాత డ్రిల్లు తీసుకుని పెట్టె వెనక్కి వెళ్లి, మిగిలిన ఆరు కంతలూ పెట్టాను.