తెర మీది తొంభై

కళ్ళజోళ్ల దుకాణం యజమాని మధ్యాహ్నం నుంచి ఫోన్ చూసుకుంటూ పళ్లు నూరుతున్నాడు. చవగ్గా వస్తోంది కదా అని, షేర్ మార్కెట్లో ఎవరూ ముట్టని ఆప్షన్ ఒకటి నిన్న నలభైకి కొన్నాడు. ఇప్పుడు తెర మీద ధర తొంభై. అమ్మబోతే మాత్రం ఐదుకి మించి ఇచ్చే నాథుడే లేడు. ఇంకో గంటలో దాని గడువు తీరిపోతుంది.

"తొంభై అని చూపించి ఐదిస్తాననడమేంట్రా? ఇది దగా కాదూ?" అని పక్కనున్న బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

బావమరిది ఫోన్ తీసుకుని చూశాడు. "అది ఆఖరి బేరం ధర బావా. పదకొండింటికి ఎవరో ఒక్కరు తొంభైకి కొన్నారు. ఆ తర్వాత అటు చూసినవాడే లేడు."

"ఎవడా తలకాయలేని వెధవ?"

అన్నాక గుర్తొచ్చింది. పదకొండింటికి, ఎంతకైనా సరేనని అదే ఆప్షన్ ఇంకో లాట్ కొన్నది తనే.