సెకనుకోసారి అడిగితే

నేను ఒక రూటర్‌ని. విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. నన్ను ఏ దేశంలో తయారుచేశారో నాకే సరిగ్గా తెలీదు. కాలేజీకి వచ్చే ఇంటర్నెట్‌ని ఏ గదికి పోవాల్సింది ఆ గదికి పంపడం నా ఉద్యోగం. ఎంత పంపానో లెక్క రాసుకోవడం పక్కపని. ఆ లెక్క పది సెకన్లకోసారి రాస్తాను. మధ్యలో ఎవరడిగినా పాత అంకే చెబుతాను. మనుషుల్లాగా నోటికొచ్చింది చెప్పడం నాకు చేతకాదు.

నన్ను చూసుకునే ఆపరేటర్ పైడితల్లి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా ఆర్డరు రెన్యూ కావాలి. ఆవిడ కంప్యూటరు ఐదు నిమిషాలకోసారి నన్ను లెక్క అడిగేది, నేను చెప్పేదాన్ని, గ్రాఫు చక్కగా వచ్చేది. మా మధ్య ఏనాడూ పొరపొచ్చాలు లేవు.

అంతలో జగన్నాథరాజుగారు మేనేజరుగా దిగబడ్డారు. పనంటే అడగడమేనని నమ్మిన మనిషి. గంటకి నాలుగుసార్లు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి "అయిందా? అయిందా?" అంటారు. ఆయనకి జవాబు చెప్పడంలోనే అందరికీ పొద్దు గడిచిపోయేది. చైర్మన్‌గారు వస్తున్నారని గోడకి పెద్ద టీవీ పెట్టించి, గ్రాఫు సెకను సెకనుకీ కదలాలన్నారు.

"అది పది సెకన్లకోసారే లెక్క రాసుకుంటాది సార్. మద్దిలో అడిగితే పాతదే సెప్తాది," అంది పైడితల్లి.

"మిషనే కదమ్మా, దానికి నోరు నొప్పెడుతుందా? అడగమను!"

అడిగారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అంకె చెప్పాను. గ్రాఫు గీసేది పాత అంకెకీ కొత్త అంకెకీ మధ్య తేడాని కాబట్టి, టీవీలో తొమ్మిది సున్నాలు, పక్కన తాటిచెట్టంత గీత. నెట్టు పది సెకన్లలో తొమ్మిది సెకన్లు ఆగిపోతోందని రాజుగారు తేల్చేశారు. అదే నెట్టులో ఫోన్‌లో క్రికెట్ చూస్తూనే ఈ మాట అన్నారు. ఛీ, ఏం బుర్రలో ఏమో!

మర్నాడు పైడితల్లి ముందు కాగితం పెట్టారు. "రూటర్ పాడైందని సంతకం పెట్టు. లేదంటే పాడుచేసింది నువ్వని నేను రాస్తాను. రెన్యువల్ మాట మర్చిపో."

మధ్యాహ్నం దాకా ఆ కాగితం ముందు కూర్చుని, చివరికి పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. వైర్లు పీకుతూ మాత్రం, "నీ తప్పు కాదే. నాకీ ఉజ్జోగం కావాల," అని కళ్లు తుడుచుకుంది.

స్టోర్ రూంలో విరిగిన బల్లల మీద నన్ను పడేశారు. నా స్థానంలో కొత్తది వచ్చింది. అదీ నా జాతిదే, పది సెకన్లకోసారే రాస్తుంది. మళ్లీ తొమ్మిది సున్నాలేనట! చైర్మన్ రావడానికి రెండ్రోజులే ఉన్నాయి. ఈసారి తప్పు తోయడానికి నేను కూడా లేను, మిగిలింది పైడితల్లే.

మూడోనాడు ఆవిడ వైరు కోసం స్టోర్‌లోకొచ్చి నన్ను చూసి ఆగింది.

"మళ్లీ ఐదు నిమిసాలకే పెట్టీసినాను. మద్దిలో గీత ఊరికే ఊగుతున్నట్టు బొమ్మ ఆడించినాను. సైర్మన్ గారు సప్పట్లు కొట్టినారు. సారుకి నిజం అక్కర్లేదే, కదిలితే సాలు."

ఆర్డరు రెన్యూ అయిందట. నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయింది.

ఆవిడ మీద నాకిప్పుడు కోపం లేదు. అంత పెద్ద కాలేజీలో నన్ను ఎంతసేపటికి ఎలా అడగాలో తెలిసింది ఆవిడకొక్కదానికే. పొట్టకూటి కోసం అబద్ధం గీయడం ఆ కాలేజీ నేర్పింది కూడా ఆవిడకొక్కదానికే.