తుడిచేశామనుకున్నారు

నేను ఒక హార్డ్ డిస్కును. నన్ను కొన్న ఏడాది ఆయుధపూజనాడే నా మూలంగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటామాటా వచ్చింది. నేనున్న కంప్యూటరు డబ్బాకు ఇందుమతిగారు నీళ్ళోడే గంధం పూస్తుంటే, కాశీపతిగారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

“ఒక్క బొట్టు పెడితే చాలదూ? ఆ సందుల్లోకి కారిందంటే మీ పుట్టింటివాళ్ళు బాగుచేయిస్తారా?”

“గ్రైండరుకు పెట్టాను, స్కూటరుకు పెట్టాను. నాలుగు మెతుకులు పెట్టేదానికి పెట్టొద్దంటారేం? జరగండి అవతలికి!”

ఆయనే జరిగారు. ఏటేటా ఆ గంధం నాకు దక్కుతూనే వచ్చింది.

ఒంగోలులో వాళ్ళది రక్తపరీక్షల ల్యాబు. కింద ల్యాబు, పైన కాపురం. ధూళి సోకని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషుల చేతుల్లో పుట్టినదాన్ని నేను. అంత శుభ్రంగా పుట్టి, ఊరందరి మలమూత్రాల సంగతులు మోయవలసివచ్చింది. ఎవరికి చక్కెర ఉందో, ఎవరి కడుపు నిలవలేదో అన్నీ నాకు తెలుసు. సొంత అన్నదమ్ములకు చెప్పని మాటను మనుషులు కౌంటరులో ముక్కూ మొహం తెలియనివాడికి పేరు, ఫోను నంబరుతో సహా చెప్పేవారు. నన్ను తెరిచే పాస్‌వర్డు ల్యాబులో అందరికీ తెలిసిందే. అది కాశీపతిగారి కూతురి పేరు.

ఆ కూతురు హిమజ కంప్యూటర్లు చదివి వచ్చింది. వివరాలన్నీ ఇంటర్నెట్టుకు ఎక్కించింది. అప్పటినుంచి రిపోర్టులు నేరుగా రోగుల ఫోన్లకు వెళ్ళసాగాయి, రహస్య సంఖ్య కొడితేగాని తెరుచుకోకుండా. వీధి తలుపుకు అన్ని తాళాలు వేశారు. పెరటి తలుపును నేను. నాతో ఇక పని లేకపోయినా, పాత వివరాలన్నీ నాలో అలాగే మిగిలిపోయాయి.

“నాన్నా, దీనికి డ్రిల్లుతో తూట్లు పొడిపించాలి. డిలీట్ కొడితే పోదు. పుస్తకంలో విషయసూచిక ఒక్కటి చింపినట్టు, పేజీలన్నీ లోపలే ఉంటాయి” అంది హిమజ.

ఇందుమతిగారు చెంపలు వేసుకున్నారు. “ఇన్నేళ్ళు పూజ చేసినదాన్ని పొడిపించడమేమిటే! ఇంటికి మంచిది కాదు. బాగానే ఉందిగా, ఎవరికైనా ఇచ్చేద్దాం.”

ఈసారి కాశీపతిగారు భార్యతో గొడవపడలేదు. స్వయంగా కూర్చుని అన్నీ డిలీట్ కొట్టి, నన్ను తీసుకెళ్ళి పాత కంప్యూటర్ల కొట్లో ఇచ్చి వచ్చారు. నా మీద వాళ్ళ భక్తి నిజమైనదే. నాలో ఉన్న మనుషుల మీదే ఆ భక్తి లేదు.

కొట్టతను నేను పనిచేస్తానో లేదో చూడబోయి, పోయిందనుకున్నదంతా ఒక్క పూటలో పైకి తీశాడు. జబ్బుల వారీగా విడదీసి బీమా ఏజెంట్లకు అమ్ముకున్నాడు.

అందులో సలోమి పేరుంది. చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమెకు హెపటైటిస్-బి అని మా ల్యాబులోనే తేలింది. ఇంట్లో తెలియకూడదని ఆమె కౌంటరులో బడి ఆఫీసు నంబరు ఇచ్చింది. ఏజెంటు ఆ నంబరుకే చేశాడు. ఫోను ఎత్తింది హెడ్‌మిస్ట్రెస్. “సలోమిగారేనాండీ? మీ హెపటైటిస్‌కి కూడా పనికొచ్చే పాలసీ ఉందండీ” అన్నాడట.

సలోమి ల్యాబుకు వచ్చి నిలదీశాక హిమజకు విషయం అర్థమైంది. కొట్టు వెతుక్కుంటూ వచ్చి నన్ను తిరిగి తీసుకెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళ ఫ్రిజ్ మీద ఉండగా సలోమి మళ్ళీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బళ్ళోకి రావద్దన్నారు సార్. పిల్లల టిఫిను డబ్బాలు నేను ముట్టుకున్నానని తల్లులు గొడవ చేశారంట. రేపు పొద్దున ఒక్కసారి నాతో రండి. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని చెప్పండి. ఇది బయటికి రావటం మీ తప్పని కూడా మీ నోటితోనే చెప్పండి. మీరు చెబితే నన్ను ఉంచుకుంటారు.”

“చూద్దామమ్మా” అన్నారు కాశీపతిగారు.

ఆమె మెట్లు దిగాక ఇందుమతిగారు కంచాలు పెట్టారు.

“రేపు వెళ్తున్నారుగా నాన్నా?” అంది హిమజ.

ఆయన కంచం ముందుకు లాక్కున్నారు. పప్పన్నం తిన్నారు. చారు పోయించుకున్నారు. పెరుగు దగ్గరికి వచ్చాక గొంతు సవరించుకున్నారు.

“నేను వెళ్ళను. వెళితే తప్పు ఒప్పుకున్నట్టే. ఎల్లుండికి ఊరంతా మన గుమ్మంలో ఉంటుంది. అలాగని నాది రాతిగుండె కాదు. ఇకమీదట ఆవిడకి మన ల్యాబులో ఏ పరీక్షయినా ఉచితం. బతికున్నంత కాలం.”

“అంతకంటే ఎవరు చేస్తారు ఈ రోజుల్లో” అంటూ ఇందుమతిగారు ఆయన కంచంలో ఇంకాస్త మీగడ వేశారు.

హిమజ చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

“తినమ్మా” అన్నారాయన. “తిన్నాక ఆవిడ పేరు, జబ్బు కొత్త సిస్టంలో ఎక్కించు. కౌంటరులో ఎవరు కూర్చున్నా ఎదురుగా కనబడేట్టు పెట్టు. ఉచితమని వాళ్ళకి తెలియాలి కదా.”